వాన రాకముందే చిగురించే రకం

మా ఆఫీసులో కంప్యూటర్‌ని 'మీరు' అని పిలిచే మనిషి పుణ్యవతిగారు ఒక్కరే. పొద్దున్నే చెప్పులు గది బయట విడిచి, ఆ చల్లటి గదిలోకి వచ్చి, మీట నొక్కి "లేవండి, తెల్లారింది" అనేవారు. అది లేవడానికి ఎంతసేపు పట్టినా విసుక్కునేవారు కాదు. విసుక్కునే పని నాది. మాది కదిరి పక్క పల్లె. మా వైపు వాళ్ళకి ఓపిక తక్కువని పేరుంది, ఆ పేరు నేనేమీ చెడగొట్టలేదు.

ఆఫీసు మాదాపూర్‌లో ఒక అద్దె మేడ. కిటికీలోంచి చూస్తే కొత్తగా తెరిచిన హైటెక్ సిటీ గుండ్రటి భవనం, దాని చుట్టూ ఇంకా రోడ్లు కాని రోడ్లు. మధ్యాహ్నమయ్యేసరికి ఎక్కడో ఒకచోట బండలు పేల్చే చప్పుడు వినిపించేది, టేబుల్ మీద టీ గ్లాసులు కదిలేవి. తొంభై తొమ్మిది నాటి మాట ఇది. ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తుంటే, మేం ఆ గదిలో కూర్చుని అడవి పెంచుతున్నాం. నవ్వకండి, మా ఉద్యోగమే అది.

విదేశంలో ఎవరో రాసిన ఒక ప్రోగ్రామును మా సంస్థ తెప్పించింది. అది దేశపటాన్ని గళ్ళు గళ్ళుగా కోస్తుంది. ఒక్కో గడిలో నేల ఎలాంటిది, వాన ఎంత, ఎండ ఎంత అని మనం చెబితే, అక్కడ ఎలాంటి మొక్కలు బతుకుతాయో, ఎలాంటివి చస్తాయో వారం వారం లెక్కగట్టి తెర మీద రంగుల్లో చూపిస్తుంది. దానికి వేప, చింత, తుమ్మ అనే పేర్లు తెలియవు. అది మొక్కని ఇంటిపేరు అడగదు, ఏం పని చేస్తావని అడుగుతుంది. ఆకుని ఎన్నాళ్ళు మోస్తావు? ఎప్పుడు రాలుస్తావు? వేరు ఎంత లోతుకి దించుతావు? ఒకేలా జవాబు చెప్పే చెట్లన్నీ ఒక వర్గం. ఒక్కో వర్గానికి ఒక్కో వరుస అంకెలు. అంతే, అడవి మొత్తం ఆ కొన్ని వరుసల్లోనే ఉంటుంది.

చిక్కేమిటంటే ఆ వరుసలన్నీ పరాయి దేశాల చెట్లవి. చలి తగిలితేనే ఆకు రాల్చే రకం ఒకటి. దానికి మన దక్కను పీఠభూమి మీద చలే దొరకదు, కాబట్టి ఆకు రాల్చదు, రాల్చక ఎండాకాలంలో నీళ్ళన్నీ తాగేసి చచ్చిపోతుంది. ఎండకి ఆకు రాల్చే రకం ఇంకొకటి ఉంది గాని, దాని వేరు మూరెడే. మన రాతినేల మీద గడ్డితో కూడా గెలవలేదు. ఆ ప్రోగ్రాము ఎన్నిసార్లు నడిపినా ఆదిలాబాదు నుంచి మా అనంతపురం దాకా ఒక్క చెట్టు మిగిలేది కాదు. తెర మీద మట్టిరంగు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

మా విభాగాధిపతి భీమేశ్వరరావుగారిది గుంటూరు. చెడ్డవాడు కాదు, కానీ రుజువు చూపించకపోతే సూర్యుడు తూర్పున ఉదయించాడన్నా ఒప్పుకునే రకం కాదు. "మే నెలాఖరుకి పైవాళ్ళకి అడవి పటం పంపాలి. ఏది వస్తే అదే పంపుదాం. బంజరు అని వస్తే బంజరు అనే వెళ్తుంది" అన్నారు. అదే నెలాఖరున పుణ్యవతిగారి పదవీ విరమణ.

ఆవిడ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. పుట్టింది అమలాపురం దగ్గర, గోదావరి పాయల మధ్య. కాకినాడలో బి.ఎస్సీ. వృక్షశాస్త్రం చదివి, సర్వే సహాయకురాలిగా చేరి, ఉద్యోగంతో ఈ ఊరొచ్చి పడ్డారు. భర్త విశ్వేశ్వరరావుగారు కరెంటాఫీసులో గుమాస్తా. ఇద్దరూ మియాపూర్ వైపు చిన్న ఇల్లు కట్టుకున్నారు. కొత్తలో ఈ రాళ్ళు చూసి ఆవిడకి ఏడుపొచ్చిందట. "దేవుడు రాళ్ళన్నీ లారీలో తెచ్చి దింపేసి, సర్దడం మర్చిపోయి వెళ్ళిపోయాడు బాబూ" అనేవారు నాతో. పుట్టింటి నుంచి కొబ్బరి మొక్క తెచ్చి పెరట్లో పాతితే అది మూతి ముడుచుకుని చచ్చిందట. మళ్ళీ తెచ్చారు, మళ్ళీ చచ్చింది. ఆ తర్వాత తేవడం మానేశారు గాని, ఈ నేలతో ఆవిడకి కొంతకాలం మాటల్లేవు.

కానీ ఉద్యోగం ఆవిణ్ణి ఈ రాళ్ళలోకే తిప్పింది. చెట్ల మొదళ్ళు కొలవడం, ఆకులు ఏరడం, ఏడాదికోసారి, వానలు వెలిశాక, ఏది బతికింది ఏది పోయింది అని చూడడం. తిరిగి తిరిగి ఆవిడకి ఈ గిడసబారిన చెట్ల మీద జాలి పుట్టింది. పేదింటి చుట్టాల మీద పుట్టే జాలి లాంటిది. పటం బంజరని వెళ్ళిపోతుందని తెలిసిన రోజు నా కుర్చీ పక్కనే నిలబడి అన్నారు: "ఇన్నేళ్ళు వీటి పేరు చెప్పుకుని అన్నం తిన్నాను సురేంద్రా. పోతూ పోతూ ఇక్కడ చెట్లే లేవని రాసి వెళ్ళనా?"

ఆ ప్రోగ్రాములో ఒక వెసులుబాటు ఉంది. ఎవరికి కావలసిన వర్గాన్ని వాళ్ళు చేర్చుకోవచ్చని చివర ఒక ఖాళీ వరుస వదిలారు. పుణ్యవతిగారు ఆ వరుస పట్టుకున్నారు. గోపన్‌పల్లి అవతల, యూనివర్సిటీ గోడ దాటాక, బండల మధ్య మా సంస్థ గుర్తులు పెట్టిన చెట్లు కొన్ని ఉన్నాయి. అక్కడి కొలతలన్నీ తీసి, వేరు లోతు పెంచి, ఆకు ఆయుష్షు తగ్గించి, మన చెట్టుకి తగ్గట్టు ఒక వరుస తయారుచేశారు. నేను ఎక్కించాను. నడిపాం. అన్ని గళ్ళలోనూ చెట్లు చచ్చాయి. పరాయి రకాలకంటే తొందరగా చచ్చాయి!

"ఏమి మేడం, మన సొంత చెట్టు మనకాడనే బతకల్యా?" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆవిడ మాత్రం వరుస వంక చూస్తూ, "చావు అంకె మరీ పెద్దదయ్యా ఇది. ఏడాదికి సగం చెట్లు పోతున్నాయి" అన్నారు. ఆ అంకె ఆవిడ గాల్లోంచి తెచ్చింది కాదు. ఆ ఏడు మాత్రం పటం తొందరలో ముందుగా ఫాల్గుణంలోనే గోపన్‌పల్లి వెళ్ళి, ఏ చెట్టు చచ్చిందో చూసి, చచ్చినవాటి మొదట్లో ఎర్రరంగు గీత పెట్టి మరీ లెక్కించి వచ్చారు. సగానికి పైగా గీతలే.

"నాకు నమ్మకం కలగట్లేదు. మళ్ళీ వెళ్ళి చూద్దాం పద" అన్నారు. మే నెల నడిమధ్య. బయట అడుగు పెడితే చెప్పుల కింద తారు మెత్తగా తగులుతోంది.

"ఈ ఎండలో పోవల్లనా మేడం? చచ్చిన చెట్లు యాడికీ పోవు కదా?"

"నువ్వు రాకపోతే నేనే ఆటోలో వెళ్తానయ్యా."

ఇక చేసేదేముంది, బండి తీశాను. వెనక ఆవిడ గొడుగు పట్టుకుని కూర్చున్నారు. దారి పొడుగునా ఆ గొడుగు నన్ను వెనక్కి లాగుతూనే ఉంది. గోపన్‌పల్లి దాటి, బండ్లబాట అయిపోయిన చోట బండి ఆపి నడిచాం. గాలి లేదు. రాళ్ళ మీది వేడి మొహానికి కొడుతోంది. గడ్డి ఎండి కాళ్ళకి గుచ్చుకుంటోంది. అయిదారు నెలలుగా అక్కడ వాన చుక్క పడలేదు.

ముందు నడుస్తున్న ఆవిడ ఆగిపోయారు. గొడుగు చేతిలోంచి జారింది. "అమ్మ బాబోయ్" అన్నారు. గట్టిగా కూడా అనలేదు.

ఎర్రగీత పెట్టిన తునికి చెట్టు ఒళ్ళంతా చిగురు వేసింది. దాని పక్కది కూడా. అవతల సీతాఫలం పొదలు, ఇంకా అవతల మద్ది. గీత ఉన్న ప్రతి చెట్టూ చిగురే. కొన్ని లేతాకుపచ్చ, కొన్ని రాగి రంగు, కొన్ని పసిపిల్లల అరచేతి రంగు. ఎండ ఆ లేత ఆకుల్లోంచి దూరి కింద రాళ్ళ మీద పడుతోంది. భూమి మీద తడి లేదు, ఆకాశంలో మబ్బు లేదు, ఆకు మాత్రం నిగనిగలాడుతోంది. నేను ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాణ్ణి. చిన్నప్పటి నుంచీ ఇలాంటి చెట్ల కింద నడిచాను. ఒక్కసారి కూడా తల ఎత్తి, ఇదెలా సాధ్యం అని అనుకోలేదు. ఆ రోజు అనుకున్నాను.

ఆవిడ దగ్గరికెళ్ళి ఒక ఆకుని రెండు వేళ్ళతో పట్టుకున్నారు. "చల్లగా ఉందయ్యా" అన్నారు. నేనూ పట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

మేకలు కాసే నర్సమ్మ ఆ పక్క బండ నీడలో కూర్చుని ఉంది. ఫాల్గుణంలో సర్వే చేసినప్పుడు కూడా ఆమె అక్కడే ఉందట. పుణ్యవతిగారు ఆమెను పలకరించారు.

"నర్సమ్మా, అప్పుడు ఇవన్నీ మోడులన్నావు కదమ్మా?"

"మోడులే గదమ్మా అప్పుడు. ఆకు లేకుంటె మోడే."

"మోడంటే చచ్చినట్టు కాదూ?"

"సచ్చుడేంది? గిప్పుడు ఏసినయి గద!" నర్సమ్మ నవ్వింది.

పుణ్యవతిగారు కూడా నవ్వారు, నెత్తి కొట్టుకుంటూ. కోనసీమలో కొబ్బరి, అరటి, పనస ఎప్పుడైనా ఆకు లేకుండా నిలబడతాయా? అక్కడ ఆకు లేని చెట్టంటే పిడుగు పడిందో పురుగు తొలిచిందో అయి ఉండాలి. ఆవిడ పుట్టిన చోట మోడు అన్న మాట వింటే గొడ్డలి తెస్తారు. ఆ మాట వినే ఆవిడ గీతలు పెట్టేశారు. పూలున్నాయి గనక మోదుగలను మాత్రం వదిలేశారు.

"మరి వాన లేదు కదమ్మా, వీటికి నీళ్ళెక్కడివి?" అని అడిగారు ఆవిడ.

నర్సమ్మ చెట్టు వంక చూసింది. చాలాసేపు చూసింది. "ఏమోనమ్మా. ఏడాదికేడాది ఏస్తయి. యాడికెల్లి తెచ్చుకుంటయో నేనెన్నడు అడుగలే" అంది.

తిరిగొచ్చి చావు అంకె సరిచేశాం. ఈసారి చెట్లు చావలేదు గాని, చిగురించనూ లేదు. వాన పడేదాకా బోడిగా నిలబడ్డాయి. ఎందుకంటే ఆ ప్రోగ్రాముకి చిగురు వేయించడం రెండు రకాలుగానే తెలుసు. చలి పోతే వేయిస్తుంది, లేకపోతే వాన పడితే వేయిస్తుంది. ఎండలో చిగురించే చెట్టు ఉంటుందని అది రాసినవాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

"వాన కబురు కాదు. చలి కబురు కాదు. మరి వీటికి ఎవరు చెప్తున్నారయ్యా వెయ్యమని?" పుణ్యవతిగారు అన్నం డబ్బా ముందు పెట్టుకుని తినకుండా ఆలోచిస్తున్నారు. పప్పులో ఆవకాయ కలిపిన ముద్ద అలాగే ఉంది. ఉన్నట్టుండి "రథసప్తమి" అన్నారు.

"ఏమి మేడం?"

"రథసప్తమికి సూర్యుడి రథం తిరుగుతుందంటారు కదా. అప్పట్నుంచి పగటి పొద్దు పెరుగుతుంది. ఆ పెరగడం చెట్టుకి తెలుస్తోందేమో. ఆకు రాల్చేసింది కాబట్టి నీళ్ళు ఖర్చు లేవు. వేరు ఏ బండ పగుల్లోంచో కొంచెం కొంచెం లాగి మానులో దాచుకుంటుంది. పొద్దు ఇంత అయ్యేసరికి వేసేస్తుంది. నువ్వు పొద్దుని కూడా లెక్కలోకి తీసుకునేలా చెయ్యగలవా?"

చెయ్యగలనని అనేశాను. ఆ తర్వాత వారం రోజులు ఆ మాట అన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఎవరో రాసిన ప్రోగ్రాములో వేలు పెట్టడం అంటే పరాయివాళ్ళ ఇంట్లో గోడ తొలవడమే. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట ఊడేది. ఆ భాషలో పేర్లు ఆరక్షరాలు మించకూడదు. కొత్త నియమానికి 'రథమ్' అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెడితే సరిగ్గా ఆరే వచ్చాయి. పుణ్యవతిగారు ఆ వరుస చూసి చిన్నపిల్లలా సంబరపడ్డారు.

నడిపాం. తెర మీద చైత్రం వచ్చింది, మట్టిరంగు. వైశాఖం వచ్చింది. ముందు ఒక గడి పచ్చబడింది, తర్వాత పక్కది. ఆ తర్వాత ఎవరో చాప పరిచినట్టు ఆదిలాబాదు నుంచి కిందికి పచ్చదనం దిగుతూ వచ్చింది. పాలమూరు దాటింది, కర్నూలు దాటింది, మా కదిరి గడి దగ్గరికొచ్చింది. ఆ గడి కూడా పచ్చబడింది. వాన ఇంకా నెల దూరంలో ఉంది. మేం ఏ గడికీ వైశాఖమని చెప్పలేదు. చెప్పిందల్లా పొద్దు గురించి ఒక్క వాక్యం. దానికే పీఠభూమి పీఠభూమంతా లేచింది. ఇద్దరం కుర్చీల్లోంచి లేచి నిలబడ్డామని నాకు తర్వాతగాని తెలియలేదు.

భీమేశ్వరరావుగారు చూసి తల అడ్డంగా ఊపారు. "బాగుంది పుణ్యవతిగారూ. కానీ ఇది నేను ఒప్పుకోలేను. వాన పడ్డాక చిగురించే చెట్టు తెలివైనది. వాన రాకముందే ఉన్న నీళ్ళన్నీ పెట్టి చిగురించాక, ఆ ఏడు వాన రాకపోతే? ఆ పిచ్చి చెట్టు చచ్చిపోదూ? అలాంటి రకం భూమి మీద ఎలా నిలుస్తుంది? వాన లేని ఏడు పెట్టి నడపండి. బతికితే మీ పటం పంపుతాను. చస్తే బంజరు."

మాట న్యాయంగానే ఉంది. అందుకే నాకు ఇంకా మండింది.

ఆవిడ ఉద్యోగం ఆఖరి రోజున ఆ పరీక్ష పెట్టాం. పక్క గదిలో సన్మానానికి దండ, సమోసాలు తెచ్చి ఉంచారు. విశ్వేశ్వరరావుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కడ ఎదురుచూస్తున్నారు. నేను వాన దస్త్రం తెరిచి ఒక ఏడాదికి సున్నాలు కొట్టాలి. వాన రాని ఏడు ఎలా ఉంటుందో మా ఊళ్ళో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా కొట్టాను.

వైశాఖంలో చెట్లు చిగురించాయి, ఎప్పటిలాగే. తెర పక్కన ఒక అంకె ఉంటుంది, మానులో మిగిలిన నిల్వ ఎంతో చెప్పేది. అది సున్నా అయితే చెట్టు పోయినట్టు. పుణ్యవతిగారు కార్తెలు చెబుతున్నారు, పురిటిగది బయట నిలబడ్డ మనిషిలా. "మృగశిర" అన్నారు. వాన లేదు. "ఆరుద్ర." లేదు. అంకె జారుతోంది. "పునర్వసు. పుష్యమి." పచ్చదనం పసుపుబారింది. అంకె ఇంకా జారింది. మఖ వచ్చేసరికి ఆకులన్నీ ఒక్క విడతలో రాలిపోయాయి, పటమంతా మట్టిరంగు అయిపోయింది.

భీమేశ్వరరావుగారు కళ్ళజోడు తీశారు. "పోయాయి. నేను చెప్పాను కదండీ" అని కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

"కూర్చోండి సార్" అన్నారు పుణ్యవతిగారు. ఆవిడ ఎవరినీ అలా ఆజ్ఞాపించడం నేను అంతకుముందు వినలేదు. "అవి మోడులు. వైశాఖం రానివ్వండి."

ఆయన కూర్చున్నారు. తెర మీద దసరా పోయింది, సంక్రాంతి పోయింది. నిల్వ అంకె అట్టడుగున ఆగింది, సున్నాకి వెంట్రుకవాసి పైన. ఆకులు వదిలేసుకుని తనని దక్కించుకుంది చెట్టు. రథసప్తమి దాటింది. చైత్రం వచ్చింది. వైశాఖం వచ్చింది.

ఒక గడి పచ్చబడింది.

తర్వాత ఇంకొకటి. పలచగా, బక్కగా, నిరుడు ఉన్నదాంట్లో సగం కూడా లేదు. అయినా దిగుతూ వచ్చింది, కదిరి దాకా. పోయినేడు వాన మోసం చేసింది. ఈ ఏడు వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ఉన్న ఆ కాస్త నిల్వా తీసి మళ్ళీ చిగురించాయి. నాకు కళ్ళు మసకబారాయి, దాచుకోలేదు కూడా. పుణ్యవతిగారు తెర వంక రెండు చేతులూ జోడించి కూర్చున్నారు.

ఆవిడ చేతులు దించి అడిగారు: "మీకింకా నమ్మకం చాలకపోతే, ఈ ఏడు కూడా వాన ఆపి చూడమంటారా సార్?"

భీమేశ్వరరావుగారు తెర మీది నుంచి చూపు తిప్పలేదు. పదేళ్ళుగా ఆవిణ్ణి గారూ అని తప్ప పిలవని మనిషి, "వద్దమ్మా, పాపం" అన్నారు. నా వైపు తిరిగారు. "సురేంద్రా, వాన వదలవయ్యా."

వదిలాను.